మీ అమ్మ పక్కన నీ చోటు

తాతా,

నువ్వు నన్ను ఎరగవు. నేను నీ అక్క మనవణ్ణి. యుద్ధంలో నువ్వు నడిపిన నేవీ విమానం సముద్రంలో కూలిందనీ, నీ శరీరం దొరకలేదనీ కబురొచ్చినప్పటి నుంచి, ఎమ్మిగనూరు సమాధుల తోటలో మీ అమ్మ పక్కన మా అవ్వ నీకో చోటు ఉంచింది. ఏటా సమాధుల పండుగకు ఆ ఖాళీ నేల చుట్టూ పేర్చిన రాళ్లకు సున్నం కొట్టి, కొవ్వొత్తి వెలిగించేది. "నన్ను యాడన్నా పూడ్చండి. ఆడ మాత్రం మా తమ్ముడే పండుకోవల్ల" అనేది.

నిన్న అవ్వ పోయింది. తోటలో ఇంకెక్కడా జాగా లేదు. అవ్వను అక్కడే పూడ్చాలని చర్చి సంఘపెద్ద ఆ రాళ్లు తీయించాడు. అవ్వను ఆదోనికి తీసుకుపోదామన్నాను. అక్కడ వాళ్ల సంఘం వాళ్లకే చోటట. గునపం లాక్కుని అడ్డం నిలబడ్డాను. యుద్ధాల గురించి, వాటిలో చచ్చే పేదవాళ్ల బిడ్డల గురించి కరపత్రాల్లో చదివినవన్నీ అరిచాను.

గుంత తవ్వే ఏసన్న చెమట తుడుచుకున్నాడు. "నువ్వు సెప్పేదంతా నిజమేలేప్పా. మీ అవ్వను ఎంతసేపని ఎండలో పెడతావు? ఇంగో చోటు సూపించు, ఆడే తవ్వుతా."

తోటంతా తిరిగాను. చూపించలేకపోయాను. గునపం ఆయనకే ఇచ్చేశాను.

ఈ పండుగకు సున్నం నేనే కొడతాను. అవ్వ పేరు కింద నీ పేరు కూడా చెక్కించమని పోట్లాడతాను. కానీ ఎప్పుడైనా నువ్వు దొరికి, నిన్ను మనింటికి తెస్తే, ఎక్కడ పడుకోబెట్టాలో నాకు తెలియడం లేదు తాతా.