పన్నెండోవాడు

రోవన్ కౌంటీ, నార్త్ కరోలినా
1903 అక్టోబరు 9

ప్రియమైన సైలస్,

ఫుట్‌బాల్ ఆడతామని మా బడి పిల్లలు పంతం పట్టార్రా. హెడ్మాస్టర్నై పదేళ్ళుగా వద్దంటూ వచ్చినవాణ్ణి, చివరికి ఒప్పుకున్నాను. నిన్న మధ్యాహ్నం పదకొండుమందిని ఎంచి వరసలో నిలబెట్టి లెక్కపెడితే, పన్నెండుమంది. చివరివాడి చొక్కా నిండా మంచు, బురద. మెడ ఓ పక్కకి వాలిపోయి ఉంది.

జూబల్ పెట్‌వే. మనం చదువుకునే రోజుల్లో ఆ మంచులో మన కాలేజీ మీద ఆడుతూ, బంతి పట్టుకుని పరిగెత్తి, మీద పడ్డ మనందరి కింద నలిగి చచ్చిపోయినవాడు. నాకు స్పృహ తప్పింది కదా, వాడి మెడ మీద పడింది నా మోకాలేనని నువ్వు చెబితేనే తెలిసింది. ఆ బరువుతోనే బడిపంతుల్నయ్యాను.

పిల్లలెవరికీ వాడు కనబడలేదు.

నీ
ఆంబ్రోస్

షార్లెట్
అక్టోబరు 17

మేష్టారూ,

అప్పుడే చూపు మందగించిందా? కళ్ళజోడు కొనుక్కో. ఆట మాన్పించెయ్. జూబల్ వాళ్ళమ్మకి ఏటా ఉత్తరాలు రాయడం కూడా ఇంక మానెయ్.

నీ సైలస్

రోవన్ కౌంటీ
నవంబరు 2

ప్రియమైన సైలస్,

ఆట మాన్పించాను. అయినా వాడు తరగతిలోకి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. "మేష్టారూ, ఇక్కడ చలేస్తోందండీ" అంటూ పక్కనున్న లవీనియా శాలువా కప్పుకుంది. బయట చూస్తే మంచి ఎండ.

పిల్లలు భోజనాలకి వెళ్ళాక దగ్గరికెళ్ళి, "నన్నేం చెయ్యమంటావు, జూబల్?" అన్నాను.

నా వంకైనా చూడలేదు. "సైలస్ ఎక్కడ?" అన్నాడు.

చెప్పలేదురా. కానీ ఇప్పుడు కవరు మీద నీ అడ్రసు రాస్తుంటే, నా భుజం వెనక చల్లగా ఉంది.

ఆంబ్రోస్

షార్లెట్
1904 జనవరి 6

ప్రియమైన ఆంబ్రోస్,

నీ ఉత్తరం కంటే ముందే వాడొచ్చాడు. రెండు నెలలు నా వడ్రంగి కొట్టు ముందే నిలబడ్డాడు.

ఆ మోకాలు నాదిరా. నువ్వు కళ్ళు తెరిచేలోపే అందరికీ నీ పేరు చెప్పేశాను. భయపడ్డాను, అంతే.

నిన్న వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని బొంత కుడుతోంది. నిలబడే అంతా చెప్పాను. ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది.

"ఆ మేష్టారు ప్రతి క్రిస్మస్‌కీ క్షమించమని రాస్తాడు. ముందు ఆయనకి చెప్పు" అంది.

అంతలో నా భుజం మీదుగా వెనక్కి చూసింది. మొహం మెత్తబడిపోయింది.

"చలిలో నిలబడ్డావేం నాన్నా, లోపలికి రా."

నేను అడుగు వేశాను.

"నిన్ను కాదు" అంది.

తలుపు మూసేసింది. లోపల రెండు గొంతులు వినిపించాయి.

నీ స్నేహితుణ్ణి అనిపించుకోడానికి తగనివాడు,
సైలస్