పారిపోయిన డ్రైవరుకు, గద్వాల నుంచి

గద్వాల,
బుధవారం

నాయినా,

పేపర్లో "డీసీఎం వ్యాను ఢీకొని హమాలీకి తీవ్ర గాయాలు" అని వేశారు. డీసీఎం తనంతట తాను ఎవరినీ ఢీకొట్టదు. నిన్న పొద్దున పాత బస్టాండు దగ్గర యేసయ్య కాక సైకిలును గుద్దింది నువ్వు. కనీసం దగ్గరికి పోయి చూడకుండా ఆయనను రోడ్డు మీద వదిలేసి పారిపోయిందీ నువ్వే. డ్రైవర్ వెంకట్రాములు, నా కన్నతండ్రి. ఠాణాలో నీ పేరు చెప్పింది నేను. ఆ సంగతి ఇంకెవరి నోటనో నీకు తెలియకూడదని నేనే రాస్తున్నాను.

ప్రియమైన అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. ఆ మాట ఈరోజు నా చేతికి రావడం లేదు.

ఫోను ఎందుకు ఆపేశావో అర్థమైంది. టవరు పట్టుకుని పోలీసులు వస్తారని భయం. సుదర్శన్ మామ కూరగాయల వ్యానుతో నీ వైపు వెళ్లొస్తున్నాడని కనిపెట్టాను. ఎంత నిలదీసినా జాగ చెప్పలేదు. "చీటి రాసియ్యి బిడ్డా, ఇస్త. గంతకన్న నన్నడగకు" అన్నాడు.

యేసయ్య కాక వనపర్తి పెద్ద దవాఖానలో ఉన్నాడు. తలకు దెబ్బ. ఇంకా కళ్లు తెరవలేదు. ఈరమ్మ చిన్నమ్మ ఆయన మంచం దగ్గర ఏడవకుండా కూర్చుంది. ఏడ్చి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు.

మొన్న అన్నం తింటూ మనం కొట్లాడుకున్నాం, గుర్తుందా? "సైకిలోనికి అద్దముండదు, హారనుండదు, బుద్ధి అసలే ఉండదు" అన్నావు. "నీ బండికి అద్దాలున్నయ్ గద నాయినా, ఒక్కదాంట్లనన్న మనిషి కనబడ్తడా?" అన్నాను. అమ్మ పొలమారేదాకా నవ్వింది. ఇప్పుడు ఆ కంచం ముందు కూర్చోలేకపోతున్నాను.

ఈ ఊళ్లో సైకిలు తొక్కేది ఎవరు? మిల్లు హమాలీలు, వాచ్‌మన్లు, పత్తి ఏరడానికి పోయే ఆడవాళ్లు, నాలాంటి చదువుకునే పిల్లలు. దుకాణాల ముందు బండ్లు, బండ్ల పక్కన ఆటోలు. మిగిలిన జానెడు సందులో బతకండి అంటారు. ఆ సందు కోసమే కదా నేను సైకిలు సంఘం పెట్టింది! తప్పు చేసినవాడు మన ఇంటివాడైతే న్యాయం మారకూడదు. అవును, ఈ మాట కరపత్రాల్లో చదివి నేర్చుకున్నదే. చదివిన మాట మన గడప దగ్గర ఆగిపోతే ఎందుకు చదివినట్టు?

వచ్చి లొంగిపో.

ఇంకా నీ బిడ్డనే,
అఖిల

*

గురువారం

నా తల్లి అఖిలకు,

మీ నాయిన రాసుకునేది. పేరు చెప్పి మంచిపనే చేసినవ్. నువ్వు చెప్పకపోయినా బండి నంబరు చెప్పేది.

నేను అచ్చంపేట అవతల ఉన్న. టైర్ల షాపు ఎనక రేకుల గది. తలుపు తెరవను. షాపుకు ఎవరొచ్చినా, గాలి పట్టించుకోను వచ్చిండా, నన్ను పట్టుకోను వచ్చిండా అని చెవి రేకుకు ఆనించి ఇంటుంట. ఇయాల ఒక పోలీసాయన పంక్చరు ఏపించుకోను వచ్చిండు. "ఎనక ఎవరన్న ఉంటరా?" అని అడిగిండు. షాపాయన "పాత టైర్లుంటయ్ సార్" అన్నడు. నేను నిజంగనే టైరు లెక్క ముడుచుకొని కూసున్న. ఆయన పోయినంక చూస్తే పంటి కింద పెదవి తెగి ఉంది. తెగినట్టు కూడ తెల్వలే.

ఇంత వయసొచ్చి బిడ్డకు గిట్ల రాసుకుంటుంటే సిగ్గయితుంది. కాని ఎవరికి చెప్పుకోవాలె?

యేసయ్య కండ్లు తెరిచిండా? ముందుగాల అది రాయి. అమ్మను ధరూర్ల మీ పెద్దమ్మ ఇంటికి తోలు. నువ్వు కూడ పో. సంఘమని రోడ్ల మీద తిరగకు, జర నా మాట ఇను.

ఇంకొక మాట. దగ్గరికి పోయి చూడలేదని రాసినవ్. చూసిన బిడ్డా.

మొకం దాసుకున్న
మీ నాయిన

*

గద్వాల,
శుక్రవారం

నాయినా,

తొందరలో రాస్తున్నాను, అక్షరాలు సరిగా రాకపోతే కూడబలుక్కొని చదువు.

నిన్న చీకటి పడే వేళ మన రేకుల మీద రాళ్లు పడ్డాయి. మొదట కోతులనుకున్నాను. తలుపు తీస్తే వాకిట్లో సందీప్. యేసయ్య కాక కొడుకు, సంఘం మొదలైన నాటి నుంచి నా పక్కన మైద డబ్బా పట్టుకుని కాగితాలు అంటించినవాడు. వాడి వెనక గుంపు. కొన్ని ముఖాలు మన సంఘంవే, కొన్ని నేనెప్పుడూ చూడనివి.

"యాడ దాసినవ్ అక్కా?" అన్నాడు.

"నాకు తెల్వదు సందీప్." అప్పుడు నీ ఉత్తరం నా దిండు కింద ఉంది. జీవితంలో ఇంత పెద్ద అబద్ధం ఆడలేదు.

"పేరు చెప్పినవ్, జాగ చెప్పవా? న్యాయంల సగమే ఇస్తవా?"

అమ్మ నన్ను పక్కకు నెట్టి గడప మీదికి వచ్చింది. "ఒరే సందీపూ, ఈ ఇంట్ల అన్నం తిన్నోనివి రా!"

"తిన్న పెద్దమ్మా. గందుకే ఇంక తలుపు తన్నలే."

"దొరికితే ఏం చేస్తవ్ రా?" అన్నాను.

వాడు నా కళ్లలోకి చూశాడు. "నువ్వు రాసిందే చేస్త అక్కా."

వెనక నుంచి ఎవడో నా సైకిలు ఎత్తి మోరీ మురుగులో పడేశాడు. సైకిలు సంఘం మనుషులే సైకిలును మోరీలో వేశారు! అరవాల్సింది పోయి తలుపు పట్టుకుని నిలబడ్డాను. మీటింగుల్లో మైకు లేకుండా మాట్లాడేదాన్ని. పోతూ పోతూ ఒకడు "బుడ్డోడా, ఆ సందు మొగన కూసో. ఆయన వస్తే సైగ చెయ్యి" అన్నాడు. ఇవాళ కూడా అక్కడ ఎవరో ఒకరు కూర్చునే ఉన్నారు.

అమ్మ ధరూర్ పోనంటోంది. తలుపుకు బియ్యం బస్తా అడ్డం పెట్టి దాని మీదే కూర్చుంది. "ఆయనొస్తే తలుపు ఎవరు తీయాలె?" అంటుంది. యేసయ్య కాక కళ్లు తెరవలేదు.

చూశానని రాశావు. చూసి కూడా ఎందుకు పారిపోయావు? దాచకుండా రాయి. నీ కోసం వాకిట్లో నిలబడి అబద్ధం ఆడాను. దానికి బదులు నాకు నిజం కావాలి.

నీ
అఖిల

*

శనివారం

బిడ్డా,

నువ్వు అడిగినవ్ గనక రాస్త.

మంగళారం పొద్దున మిల్లు నుంచి పత్తి గింజల బస్తాలు ఏసుకొని వస్తున్న. పాత బస్టాండు కాడ ముందల పోయే ఆటో, ఎవరో చెయ్యెత్తితే నడిరోడ్డు మీదనే ఆగింది. దాన్ని తప్పియ్యను ఎడమకు తిప్పిన. ఎడమ అద్దం చూడలే. అది నా తప్పే, ఆటో మీదికి తొయ్య.

సప్పుడు ఇన్న. దునికిన. యేసయ్య ముందు చక్రం పక్కన పడి ఉన్నడు. ఎత్తి తల ఒళ్ల పెట్టుకున్న. "యేసయ్యా, నేను రాములును" అన్న. కండ్లు నా దిక్కు తిరిగినయ్. బండ్ల ఎక్కిద్దామని చంకల కింద చేతులేసిన. ఒక్కడు కాళ్లు పడితే చాలు. జనం ఉరికొచ్చిండ్రు గని ఎవ్వడు కాళ్లు పట్టలే. "వీడే డ్రైవరు, పట్టుండ్రి" అన్నడొకడు. ఇంకొకడు ఎనక నుంచి నా అంగీ పట్టిండు.

తలెత్తితే ఎదురుంగ స్తంభం మీద నీ కాగితం. "గుద్దిన బండిని కదలనివ్వకండి. డ్రైవరును చుట్టుముట్టండి. ఇవాళ వదిలితే రేపు మీ ఇంటి మనిషి." అది నాకు నోటికొస్తది బిడ్డా. అంటించిన నాడే చాయ్ హోటలాయనకు చదివి వినిపించిన, నా బిడ్డ రాసింది చూడు ఎంత మంచిగ రాసిందో అని.

కిందటేడు నాగర్‌కర్నూల్ తొవ్వల ఒక ట్రాక్టరాయనను గట్లనే చుట్టుముట్టిండ్రు. దెబ్బ తాకినోన్ని దవాఖానకు ఏసుకపోతుంటే పట్టి గుంజిండ్రు. ఆయన కుడిచెయ్యి ఇప్పటికీ లేవదు, ఎడమచేత్తోని తింటడు. నాకు ఆయన ముద్ద యాదికొచ్చింది. యేసయ్య తలను మెల్లగ కింద పెట్టి, అంగీ వాళ్ల చేతుల్ల, బండి రోడ్డు మీద ఇడిసి ఉరికిన.

నీ మీదికి తోస్తలేను. భయపడ్డది నేను. మనిషిని రోడ్డు మీద పెట్టి పోయింది నేను. కండ్లు మూస్తే ఆయన కండ్లు నా దిక్కు తిరుగుతయ్.

రావాలనే ఉంది. ఠాణా గేటు దాక ఎట్ల రావాలె? దారి నువ్వే చెప్పు.

మీ నాయిన

*

గద్వాల,
ఆదివారం

ప్రియమైన నాయినా,

నీ ఉత్తరం చదివి చింపేశాను. మళ్లీ ముక్కలు ఏరుకొని, గచ్చు మీద పేర్చుకొని చదివాను. నువ్వు అబద్ధం రాశావని నమ్మాలనుకున్నాను. అలా నమ్మితే నా కాగితం స్తంభం మీద నిశ్చింతగా ఉండేది. చాయ్ హోటలాయన దగ్గరికి పోయాను.

"ఎత్తిండు బిడ్డా. ఒళ్ల పెట్టుకున్నడు. నేను చూసిన" అన్నాడు.

"మరి పోలీసులకు ఎందుకు చెప్పలే?"

"ఆ గుంపుల నేను నోరు తెరిస్తే నా హోటలు ఉంటుండెనా? నువ్వయితే కాగితం రాసి పోతవ్. నేను గీడనే చాయ్ కాయాలె."

నా కాగితంలో చుట్టుముట్టమని ఉంది. దెబ్బ తగిలినవాణ్ని ముందు ఎత్తండి అని లేదు. అయినా నిన్ను వదిలేస్తాననుకోకు. ఎడమ అద్దం చూడకపోవడానికి శిక్ష పడాలి, పడేదాకా అడిగేది నేనే.

తర్వాత వనపర్తి పోయాను. యేసయ్య కాక కళ్లు తెరిచాడు నాయినా. మాట ఇంకా రాలేదు, మనుషులను గుర్తుపడుతున్నాడు. ఈరమ్మ చిన్నమ్మ నన్ను వరండాలోకి లాక్కొచ్చింది. కొడుతుందనుకున్నాను.

"మీ నాయినను నా ముందల నిలబెట్టు. నా మొగన్ని ఎందుకు ఇడిసిపోయినవని మొకం మీద అడుగుత. వీళ్లు సంపితే నేనెవ్వన్ని అడగాలె? నా పోరడు జైలుకు పోతే ఈయనకు నీళ్లు తాపేదెవరు?"

సందీప్ గోడకు ఆనుకొని ఇదంతా విన్నాడు. వినగానే చెప్పులేసుకుని మెట్లు దిగి పోయాడు. ఎటు పోయాడో అన్నదే నన్ను భయపెడుతోంది.

అచ్చంపేటలోనే లొంగిపొమ్మని సుదర్శన్ మామ అంటున్నాడు. అక్కడ లొంగినా గద్వాలకే తెస్తారు. ఏ రోజు, ఏ వేళ తెస్తారో మనకు తెలియదు. ఠాణా ముందు కాచుకున్నవాళ్లకు తెలుస్తుంది. అందుకే అందరూ చూస్తుండగా, చెప్పి మరీ రావాలి. ఇవాళ సాయంత్రం సంఘాన్ని పిలిచాను. "మీ నాయినకు కాపలా కాయనీకి పెట్టినవా సంఘం?" అని పత్తి ఏరే రాములమ్మ అందరి ముందు కడిగేసింది. సగం మంది లేచి పోయారు. ఆమె మాత్రం తిట్టుకుంటూనే కూర్చుంది. వస్తుందో రాదో చెప్పలేదు.

నాకు భయంగా ఉంది. ఇన్నాళ్లూ "జనం" అని రాసినప్పుడల్లా నా వెనక నిలబడినవాళ్లనే ఊహించుకున్నాను. ఎదురుగా నిలబడితే ఎలా ఉంటారో మన వాకిట్లో చూశాను. ఎల్లుండి ఎంతమంది వస్తారో తెలియదు. వచ్చినవాళ్లు ఏ మనసుతో వస్తారో తెలియదు. నిన్ను క్షేమంగా చేరుస్తానని మాట ఇవ్వలేను. నీ పక్కన ఉంటానని మాత్రం ఇవ్వగలను. అటు పక్క అమ్మ ఉంటుంది.

సుదర్శన్ మామ నిన్ను కొత్త బస్టాండు ముందు దించుతాడు. దిగాక ఎవరు ఏమన్నా, ఏం విసిరినా, ఉరకకు. ఈసారి ఉరికితే నేను ఆపలేను.

నీ బిడ్డ,
అఖిల

ఊరంతా అంటించబోతున్న కాగితం ఇది. స్తంభం మీద చూసేకంటే ముందు నువ్వే చదవాలి:

"పాత బస్టాండు దగ్గర యేసయ్య సైకిలును గుద్దిన డీసీఎం డ్రైవర్ వెంకట్రాములు లొంగిపోవడానికి వస్తున్నాడు. ఎందుకు వదిలి పోయావని అతణ్ని అడగవలసినది ఈరమ్మ. ఆమె అడిగేదాకా అతను బతికి ఉండాలి. ఠాణా దాకా అతని చుట్టూ మనం నడుద్దాం. సైకిలున్న ప్రతి ఒక్కరూ రండి, లేనివాళ్లు అడిగి తెచ్చుకోండి. తొక్కుతూ రావద్దు, తోసుకుంటూ రండి. రెండు చేతులూ హ్యాండిలు మీదనే ఉంచండి. మంగళవారం పొద్దున ఏడు గంటలకు, కొత్త బస్టాండు ముందు."