గళ్ళ చొక్కా

చిరంజీవి చిన్నోడిని అమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అలా రాయాలి కాబట్టి రాశాను, నమ్మక్కర్లేదు.

నీ ఉత్తరం అందింది. నాన్న జబ్బు పిల్లలకి వచ్చే అవకాశం సగానికి సగం ఉందన్న డాక్టరమ్మ మాటకి నీకు నిద్ర పట్టడం లేదన్నావు. "నాన్నని మొదట్నుంచీ చూసిందానివి, నాలో ఏమీ లేదని నువ్వంటే చాలు, రక్తపరీక్ష లేకుండానే పెళ్ళి చేసుకుంటాను" అని మళ్ళీ రాశావు. దానికి చివర్లో జవాబు చెబుతాను.

నాన్న పని చేస్తున్నారా అన్నావు. చేస్తున్నారు. కత్తెర పడితే గీత తప్పరు. కానీ ఏది ముందో ఏది వెనకో తెలీదు. మొన్న పంతులుగారు ప్యాంటుకిచ్చిన గుడ్డని ముచ్చటగా జేబురుమాళ్ళు చేసి పెట్టారు. నేను తల పట్టుకుంటే, "బాగున్నాయి కదా" అన్నారు. ఇది మతిమరుపు కాదట. పనిని వరసలో పెట్టుకోవడం, ఎదుటివాళ్ళ బాధ తెలియడం, ఇవే ముందు పోతాయట. నిజమే. మిషన్ సూది నా వేల్లో దిగబడితే పక్కనే కూర్చుని చూశారు. "గుడ్డకి రక్తం అంటుతోంది, చెయ్యి తియ్యి" అన్నారు. ఆ రోజు నేను ఏడ్చింది వేలి కోసం కాదు.

నిన్ను అడుగుతున్నారా అన్నావు. లేదురా. "నాన్న నిన్ను తలుచుకుంటున్నారు" అని ఇన్నాళ్ళూ రాసినదంతా నా సొంత కవిత్వం.

ఇప్పుడు నీ జవాబు. సెలవులకొచ్చినప్పుడు నాకు చూపు ఆనడం లేదని, నీ చొక్కా నిన్నే కత్తిరించుకోమన్నాను. నా కళ్ళకేం, నిక్షేపంలా ఉన్నాయి. నిన్ను పరీక్షించాను. నువ్వు నాన్న గుడ్డలు కత్తిరించే బల్ల కిందే పెరిగినవాడివి, మీసం రాకముందే చొక్కాలు కోసినవాడివి. రెండు చేతులూ ఎడమవే కోశావు. మడతపెట్టి ఇచ్చి, "బాగుందామ్మా?" అని నవ్వావు.

నాన్న చేసిన మొట్టమొదటి తప్పు కూడా అదే.

ఆ తప్పు నీకు తెలియనివ్వలేదు. అదే గళ్ళ గుడ్డ కొనుక్కొచ్చి, కుడి చెయ్యి నేను కోసి కుట్టిచ్చాను. నీలో ఏమీ లేదని ఉత్తరమూ రాశాను. ఆ చొక్కాలోనే నువ్వు చేసుకోబోయే పిల్ల పక్కన నిలబడి ఫోటో దిగి పంపావు.

నిన్న అది నాన్నకి చూపించాను. నిన్ను గుర్తుపట్టలేదు. పిల్లని చూడనే లేదు. "కుడి చేతి గళ్ళు కలవలేదు. ఎవడో తప్పు కోశాడు, ఇంకెవరో కప్పెట్టారు" అని పకపకా నవ్వారు.

వెళ్ళి పరీక్ష చేయించుకో. అంతకంటే ముందు ఆ పిల్లకి అంతా చెప్పు. మనం ఒకరినొకరం మోసం చేసుకోవచ్చు, పరాయి పిల్లని చేయకూడదు.

ఇది చదివి నీకు నామీద ఒళ్ళు మండాలి. మండితే నోటికొచ్చినట్టు తిట్టి వెంటనే జవాబు రాయి. "పోనీలే అమ్మా, ఏం పర్లేదు" అని మాత్రం రాయకు. తన అనేవాళ్ళు ఎవరు ఏడుస్తున్నా నాన్న ఆ మాటే అంటారు.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూసే
అమ్మ