మేడమ్‌కు ఎర్కనే గద

11 జూన్ 2007, సోమవారం

దీవెనకు బుర్ర లేదని హెడ్ మేడమ్ అన్నది. తప్పు. బుర్ర ఉంది, నోరు విప్పలేదు. అవి రెండూ వేరు. బుర్ర లేకపోయినా నోరు ఆడుతుందని మేడమే రుజువు చేసింది.

ఫస్ట్ క్లాస్ ఇంటర్వ్యూ. ఆవు బొమ్మ చూపి ఇదేమిటి అని అడిగింది. ఐదేళ్ళ నా మనవరాలు చూస్తూ నిలబడింది. గొడుగుకూ అంతే. శుక్రవారం ఇంకో ఛాన్స్. అప్పుడూ పలక్కపోతే మళ్ళీ నర్సరీయేనట, మూడేళ్ళ పిల్లల పక్కన.

దారి పొడుగునా స్టాన్లీ నన్నే తిట్టాడు. నువ్వే ఖరాబ్ చేసినవమ్మా, పొద్దంత పక్కింటి సాలమ్మ ఆవుల కొట్టంల తిప్పితే ఇగ ఇంగ్లీష్ ఏడికెల్లొస్తది అని. కన్నకొడుకే. బస్ కండక్టర్, అరవడం ఉద్యోగంలో భాగం.

12 జూన్

స్టాన్లీ గోడకు బొమ్మల చార్ట్ అతికించాడు. మేక కింద G అని ఉంది. మేకకు అభ్యంతరం లేదు.

13 జూన్, మధ్యాహ్నం

అడిగేశాను. ఆవని తెల్వదానే, ఎందుకు చెప్పలేదు అని.

నన్ను జాలిగా చూసింది. మేడమ్‌కు ఎర్కనే గద నాయినమ్మా, బొమ్మ ఆమె చేతులనే ఉండె, అంది. పెద్దోళ్ళకు ఎర్కున్నది మనం చెప్పొద్దని నువ్వే అన్నవ్ గద, అంది.

అన్నాను. మా అమ్మ నాతో అన్నది. ఈ వాడలో ప్రతి ఇంట్లో అంటారు. ఇక్కడ పిల్లలు పక్కన కూర్చుని, చూసి నేర్చుకుంటారు. తమకు తెలిసిందే అడిగి పరీక్షించేవాళ్ళు ఇంట్లో ఎవరూ ఉండరు. పిల్ల మేడమ్‌కు మర్యాద చేసింది. మేడమ్ సున్నా వేసింది.

15 జూన్, శుక్రవారం

మళ్ళీ అదే ఆవు. మళ్ళీ అదే మర్యాద. నేను లేచాను. మీకు తెలియనిది అడగండి మేడమ్ అన్నాను. ఆమె మొహం ఎర్రబడింది. సరే, నిన్న ఏం చేశావో చెప్పు అంది.

ఇక ఆగితేనా! సాలమ్మవ్వ ఆవు ఈనిందని, దూడవి ముంగటి కాళ్ళు ముందొచ్చినయని, ఎవరూ చెప్పకముందే తాను గోనెసంచి తెచ్చి తుడిచానని. ఆఖర్న గొంతు తగ్గించి, మేడమ్, మీ ఆవుకు మూడే చన్లు గీసిండ్రు, నాలుగుండాలె, అంది. పాపం, ఆమెకు తెలియదనుకుంది.

మేడమ్ బొమ్మ తనవైపు తిప్పి లెక్కపెట్టుకుంది.

సీటు ఇచ్చింది. అడిగితే జవాబు చెప్పడం నేర్పండి అంది. నేర్పుతాను, మీరు అడగడం నేర్చుకోండి అన్నాను. స్టాన్లీ నా కొంగు పట్టి బయటికి లాగాడు.

16 జూన్

ముప్పై ఏళ్ళు పంతులమ్మగా నేనూ బొమ్మలు చూపించాను. సిర్గాపూర్ బడిలో సిద్దమ్మ అనే పిల్ల పలకలేదు. రెండుసార్లు ఫెయిల్ చేశాను. బడి మానేసింది.

సోమవారం సిర్గాపూర్‌కు తొమ్మిదింటి ఆటో. డజను అరటిపండ్లు, మరీ మగ్గినవి వద్దు. సిద్దమ్మ ఇల్లు కిరాణా దుకాణంలో అడగాలి. పంతులమ్మనని చెప్పకూడదు.