లోపల కూర్చునే పనివాడు

మార్చి 3

ప్రియమైన తమ్ముడికి,

ఫోన్ ఉండగా ఈ ఉత్తరం ఏమిటనుకుంటున్నావా? మొన్న ఆదివారం, అమ్మ మెట్ల మీద జారి పడింది, మోకాలు వాచింది అని ఫోన్‌లో చెప్తే నువ్వు "మంచిదక్కా, మంచిది" అన్నావు. నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత ఆలోచిస్తే భయమేసింది. రోజంతా ఫోన్‌లో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం నాది. అవతలి మనిషి వింటున్నాడా, విన్నట్టు నటిస్తున్నాడా అన్నది నాకు తెలియదూ?

నువ్వు కార్లకు స్పీకర్లు బిగించే పనిలో చేరి పదకొండేళ్ళయింది. బావ ఫ్యాక్టరీలో మిషన్ల దగ్గర పనిచేసేవాళ్ళకిచ్చే చెవి బిరడాలు నాలుగు జతలు పంపుతున్నాను. చేయి చాపినంత దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడాల్సి వస్తే ఆ చప్పుడు చెవులకి చేటేనట. కొత్తగా చేరినవాళ్ళకి బావ మొదటి రోజే చెప్పే మాట ఇది. పెట్టుకోరా, సిగ్గుపడకు.

నీ మీద బెంగ పెట్టుకున్న
అక్క


మార్చి 19

ప్రియమైన అక్కకి,

అమ్మ మోకాలు ఎలా ఉంది? ఆ రోజు షాపులో ఒకటే గోల, అందుకే వినబడలేదు. నువ్వు ఊరికే గోరంతను కొండంత చేస్తావు.

బిరడాలు అందాయి. రంగు బాగుంది. కానీ అవి పెట్టుకుని నా పని ఎలా చెయ్యను? బిగింపు అయ్యాక అద్దాలన్నీ ఎత్తి, తలుపులేసుకుని, నేనొక్కడినే లోపల కూర్చుంటాను. వెనక వచ్చే బండ్లు కనబడే అద్దం లేదూ, అందులో నా మొహం అదిరి అలికేసినట్టయ్యేదాకా వాల్యూమ్ పెంచుతాను. కారు తెచ్చినాయన బయట నిలబడి చూస్తాడు. అప్పుడు గానీ తాళాలు తీసుకోడు. లోపల కూర్చున్నవాడే చెవులు మూసుకుంటే, "వీడికే భయమైతే నా పిల్లల్ని ఎలా ఎక్కించను?" అనడూ? మా షాపులో ఆ కూర్చునే పని నాకు తప్ప ఇంకొకరికి ఇవ్వరు, తెలుసా!

చెవుల్లో గుయ్‌మంటుంది, నిజమే. ఇదివరకు తెల్లారేసరికి పోయేది, ఇప్పుడు పోవడం లేదు. అలవాటైపోయిందిలే.

అసలు నా బాధ వేరు. ఈ మధ్య వచ్చే స్పీకర్లు దరిద్రంగా ఉంటున్నాయి. ఏ కారులో పెట్టినా పాట దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. సన్న శబ్దాలు, అదే ట్రెబుల్, ప్రతి కారులోనూ బాగా ఎక్కించి సరిచేస్తున్నాను.

నీ మొండి తమ్ముడు


ఏప్రిల్ 2

ఒరేయ్ మొద్దూ,

నీ ఉత్తరం బావకి చదివి వినిపించాను. దుప్పటి దగ్గరికొచ్చేసరికి, తింటున్న మనిషి లేచి చెయ్యి కడిగేసుకున్నాడు. "పోయింది స్పీకర్లు కాదే, వాడి చెవులు" అన్నాడు. ముందు పోయేవి సన్న శబ్దాలేనట. పోయినవి తిరిగి రావట, మిగిలినవాటిని కాపాడుకోవడం ఒక్కటే మన చేతిలో ఉందట.

రేపే చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ఆ లోపల కూర్చునే వీరత్వం కట్టిపెట్టు. అమ్మ ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదట, పనిలో ఉంటాడులే అని ఆవిడే సర్దుకుంటోంది. ఎందుకు ఎత్తడం లేదో నాకు తెలుసురా వెధవా. ఏడుపొస్తోంది.

జవాబు కోసం చూసే
అక్క


ఆగస్టు 21

అక్కా,

నాలుగు నెలలు జవాబు రాయలేదు. ఎంత తిట్టినా పడతాను. నీ మీద కోపమొచ్చి డాక్టర్ దగ్గరికి వెళ్ళలేదు.

పోయిన వారం ఒకావిడ కారు వెనక్కి తెచ్చింది. పాట సూదుల్లా గుచ్చుతోందని కూతురు వెనక సీట్లో చెవులు మూసుకుని ఏడుస్తోందట. నేను లోపల కూర్చుని విన్నాను. నాకు సరిగ్గానే ఉంది. "బాగానే ఉందండీ" అన్నాను. ఆవిడ నా మొహం కేసి చూసి ఓనర్‌ని పిలిచింది. ఆయన లోపల కూర్చున్నాడు, అరనిమిషంలో బయటికి దూకాడు. ట్రెబుల్ తనే దించేసి ఆవిడకి తాళాలిచ్చాడు. నన్ను తిట్టుంటే బాగుండేది.

మర్నాడు పరీక్షకి వెళ్ళాను. చిన్న గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినబడినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. కొన్నిసార్లు నొక్కాను. తర్వాత ఏమీ రాలేదు. ఇంకా మిగిలిందేమో అని చూస్తూ కూర్చున్నాను. అయిపోయిందని వాళ్ళు తలుపు తీశారు.

సన్న శబ్దాలు రెండు చెవుల్లోనూ లేవట. మందు లేదన్నారు. ఇప్పుడు వైర్లు మాత్రమే బిగిస్తున్నాను, బిరడాలు పెట్టుకునే.

నన్ను తినేస్తున్నది నా చెవులు కాదక్కా. ఏడాదిన్నరగా నా చెవికి తగ్గట్టు సర్దిన కార్లు అరవై మూడు. వాటిలో పిల్లలు తిరుగుతున్నారు. "వస్తే సరిచేసి పంపుతాను, పిలిచే తంటా నువ్వే పడు" అన్నాడు ఓనర్. నేను ఫోన్ చేస్తే వాళ్ళేమంటున్నారో నాకు తెలియదు. నంబర్లన్నీ దీంతో పెట్టాను. నా తరఫున నువ్వు చెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను.

తమ్ముడు


సెప్టెంబర్ 14

నా చిన్నారి తమ్ముడికి,

అరవై మూడు నంబర్లకీ చేశాను. ఎనిమిది పనిచేయడం లేదు. నలుగురు కారు తెస్తామన్నారు. వాళ్ళలో ఒకాయన, "మా పాప తలనొప్పంటే బడి ఎగ్గొట్టడానికనుకున్నానండీ" అని, ఆ సాయంత్రమే కారు షాపుకి తెస్తానన్నాడు.

మిగతావాళ్ళ సంగతి రాయాలా వద్దా అని మూడు రోజులు కొట్టుకున్నాను. నీ దగ్గర దాచడం నా వల్ల కాదు. మొదట్లో వాళ్ళకీ గుచ్చినట్టుండేదట. రెండు నెలల్లో అలవాటైపోయిందట. ఇప్పుడు భలే ఉందట. ఒకావిడతో గొంతు చించుకుని మాట్లాడాల్సొచ్చింది. ఆవిడ ఇంట్లో కూర్చుని ఉంది, చుట్టూ ఏ చప్పుడూ లేదు.

తొమ్మిదిమంది నిన్నే అడిగారురా. "ఆ లోపల కూర్చుని చూసే ఆయన ఇంకా ఉన్నాడా? ఈ మధ్య సౌండు దిగిపోయింది, ఆయన చేత ఇంకాస్త పెంచించుకోవాలి" అన్నారు.

నేను ఎంత చెప్పినా వాళ్ళు నవ్వారు. వస్తారు, తొందరలోనే వస్తారు. వచ్చినప్పుడు నీ పరీక్ష కాగితం వాళ్ళ చేతిలో పెట్టు.

ఎప్పటికీ నీ వైపే ఉండే
అక్క