బావ హాజరు

ముత్తంగి

ప్రేమలతక్కకు తమ్ముడు బాలరాజ్ నమస్కారాలు. ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నారాయణఖేడ్‌లో నువ్వూ, బిడ్డా, మీ అత్తమ్మా క్షేమమని తలుస్తాను. బిడ్డకు జ్వరం తగ్గి బడికి పోతోందని రాశావు, ప్రాణం కుదుటపడింది. అమ్మ మోకాళ్ల గురించి అడిగావు. మాత్రలు వేసుకోమంటే నా మీద అరుస్తోంది, అంటే బాగానే ఉందన్నమాట.

ఇక అసలు సంగతి. "బిడ్డకు జరమొచ్చిన పొద్దు మీ బావ ఫోన్ ఎత్తలే. డ్యూటీల ఉన్న అంటడు. నువ్వు సూసిన రికార్డుల ఆయన పేరే లేదాయె. ఇగ నా గడప తొక్కొద్దన్న. తప్పు జేసిన్నా తమ్మీ?" అని రాశావు. తప్పు నీది కాదక్కా.

బావా నేనూ పనిచేసే గోదాములో అందరూ ఫోన్లు గేటు దగ్గర అప్పజెప్పి, మెషీన్ మీద వేలు పెట్టి లోపలికి పోతారు. ఏ రోజు హాజరు ఫైలును ఆ రోజు సాయంత్రం మా లినక్స్ సర్వర్, అంటే నేను చూసుకునే పెద్ద కంప్యూటర్, బ్యాకప్‌గా మూటగట్టి దాస్తుంది. బుద్ధిలేక ఆ పనిని సరిగ్గా షిఫ్ట్ మారే వేళకు పెట్టాను. ఒకపక్క జనం వేళ్లు పెడుతుంటే, మరోపక్క సర్వర్ మూట కడుతుంటుంది. 'చదువుతుండగానే ఫైలు మారింది' అని అది రోజూ హెచ్చరించేది. అలా హెచ్చరించినప్పుడల్లా బ్యాకప్ ఆగిపోయేది, మేనేజర్ నన్ను దులిపేవాడు. విసుగొచ్చి ఆ హెచ్చరికే కనబడకుండా చేశాను. బిడ్డకు జ్వరమొచ్చిన రోజు రాత్రే అసలు ఫైలున్న డిస్క్ చెడిపోయింది. దాచిన మూట విప్పితే, ఆఖరున వచ్చినవాళ్ల హాజరు అందులో లేదు.

ఇప్పుడు ముందు ఫైలును పక్కకు కాపీ తీసి, ఆ కాపీనే మూట కట్టిస్తున్నాను. ఈ పాటి పని అప్పుడే చేసి ఉండాల్సింది.

ఫోన్లో చెప్పే ధైర్యం లేని మాట ఒకటుంది. ఆ సాయంత్రం బావకు ఆలస్యమైంది నా వల్లే. చాయ్ తాగుదామని నేనే ఆపాను. ఆయన అందరికన్నా చివర వేలు పెట్టడం నా కళ్లతో చూశాను. అయినా నువ్వు అడిగినప్పుడు, నిజం చెబితే నా ఉద్యోగం పోతుందని భయపడి "రికార్డుల లేడక్కా" అన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

నిన్న మేనేజర్‌కు అంతా చెప్పేశాను. ఏం చేస్తాడో తెలియదు. తర్వాత పటాన్‌చెరులో బావ గదికి వెళ్లి చెప్పాను. కొడతాడనుకున్నాను.

"మిషన్ సంగతి ఇడిసిపెట్టు బామ్మర్దీ. మనం చాయ్ తాగినమని ఒక్క మాట మీ అక్కకు జెప్పకపోతివి గదా" అని తలుపు వేసుకున్నాడు.

ఆదివారం రా అక్కా. పటాన్‌చెరు బస్టాండుకు బావనే రమ్మని కబురు పెడతాను, నేను రాను. నా మొహం చూడాలనిపించిన రోజు ఇంటికి రా. ఎంత ఆలస్యమైనా నిన్నేమీ అనను.

ఇట్లు,
నీ ఇంట్లో నిప్పు పెట్టిన తమ్ముడు
బాలరాజ్