అమ్మాయి ఇంటిపేరు మా

కలకత్తా, జూన్ 3

విజయవాడలో నాగవేణి అత్తకి మణికుమార్ నమస్కరించి రాసేది.

పెళ్ళి మాటలు ఫోన్లో ఒకటి చెబితే ఇంకొకటి వినబడతాయి, కాగితం మీద పెట్టమన్నావు. పెడుతున్నాను. అమ్మాయి పేరు లీనా. మా బ్యాంకులోనే పని. పుట్టి పెరిగింది ఇక్కడే. ఇంటిపేరు మా. నాన్న నీ మాట తప్ప ఎవరి మాటా వినడు. నువ్వు సరేనంటేనే ఈ పెళ్ళి.

నీ మేనల్లుడు, మణి

తా.క. ఇంకో చిన్న విషయం ఉంది. తర్వాత రాస్తాను.

విజయవాడ, జూన్ 9

చిరంజీవి మణిని దీవించి మేనత్త రాసేది.

ఇంటిపేరు 'మా' అని రాసి ఆపేశావు. 'మా ఇంటిపేరే' అని పూర్తిగా రాయడానికి చెయ్యి రాలేదు కదూ. ఆ పిల్లా మన గుర్రం వారే అయితే నీకు వరసకి చెల్లెలు. అప్పటినుంచి కూర్చుంటే లేస్తున్నాను, లేస్తే కూర్చుంటున్నాను. సంబంధాల నోటుబుక్కంతా తిరగేసి, వన్‌టౌన్ వెళ్ళి కాశీరావు బాబాయిని అడిగాను. మనవాడొకడు రైల్వే ఉద్యోగమని ఖరగ్‌పూర్ వెళ్ళాడట. పెళ్ళి కాలేదట. "కాలేదని మనకి చెప్పాడు, అంతే" అన్నాడు బాబాయి. పెడనలో గుర్రాల మీద తిరిగిన వంశం మనది. ఆలోచించుకో.

నాగవేణి

తా.క. ఆ పిల్ల ముక్కు మన నాంచారమ్మ పిన్ని ముక్కులా ఉందేమో చూడు.

కలకత్తా, జూన్ 16

అత్తకి మణి మళ్ళీ నమస్కరించి,

ముక్కు చూశాను. పిన్నిది కాదు. వాళ్ళ ఇంటిపేరే 'మా'. చిన్న విషయం అన్నది ఇదే. వాళ్ళ ముత్తాత చైనా నుంచి వచ్చాడు. రెండువేల ఏళ్ళ కిందట అక్కడొక సేనాపతి యుద్ధం గెలిస్తే, రాజు మాఫు అనే చోటు ఇచ్చి ఆ పేరుతోనే బిరుదిచ్చాడు. తర్వాతివాళ్ళు 'ఫు' వదిలేసి 'మా' ఉంచుకున్నారు. ఉత్తరం నుంచి పడమటికి పాకారు. అక్కడి ముస్లింలలోనూ చాలామందిది ఇదే పేరు. ఇప్పుడు కోటిన్నర మంది పైనే.

మణి

తా.క. మనలాగే వాళ్ళకీ ఇంటిపేరే ముందు.

విజయవాడ, జూన్ 22

మణికి అత్త ఆశీస్సులు.

చెల్లెలు కాదంటే చాలు, చైనా అయినా చీరాల అయినా నాకొకటే. సేనాపతి మాట చెప్పగానే మీ నాన్న మీసం సర్దుకున్నాడు. కోటిన్నర మందిలో ఎవరిని పిలవాలో జాబితా పంపు.

నాగవేణి

తా.క. 'మా' అంటే అర్థమేమిటి? నోటుబుక్కులో ఆ గడి ఖాళీగా ఉంది.

కలకత్తా, జూన్ 29

అత్తా, మణి కంగారుగా రాసేది.

'మా' అంటే గుర్రం. లీనా నాయనమ్మ మన ఇంటిపేరుకి అర్థం అడిగింది. చెప్పేశాను. అప్పటినుంచి ఆవిడ కూర్చుంటే లేస్తోంది, లేస్తే కూర్చుంటోంది. ఒకే ఇంటిపేరు వాళ్ళు పెళ్ళి చేసుకోకూడదట. ఆవిడ చూసే చూపులు కూడా అచ్చం నీ చూపులే.

ఏం చెయ్యమంటావు?
మణి

తా.క. ఆవిడకీ ఒక నోటుబుక్కు ఉంది.

విజయవాడ, జూలై 4

మణికి అత్త రాసేది, లీనా నాయనమ్మకి నువ్వు చదివి వినిపించాల్సింది.

అమ్మా, మా ముత్తాత చీరల మూటతో పెడన నుంచి బందరు వెళ్ళడానికి ఒకే ఒక్కసారి గుర్రం ఎక్కాడు. అదీ అద్దెది. ఊరు దాటకుండానే కాలవలో పడేసి ఇంటికి పోయింది. ఊరంతా ఆయన్ని గుర్రం అని వెక్కిరించింది. అదే మా ఇంటిపేరు. ఈ మాట ఇంతవరకు మా నోటుబుక్కులో కూడా రాయలేదు. మీది రాజిచ్చిన గుర్రం, మాది పడేసిన గుర్రం. రెండూ ఒకటెలా అవుతాయి?

మీ వియ్యాలవారి ఆడపడుచు,
నాగవేణి

తా.క. మణీ, పడ్డ సంగతి మీ నాన్నకి చెప్పకు. శుభలేఖ మీద గుర్రం బొమ్మ వేయించడానికి గవర్నర్‌పేట వెళ్ళాడు. దాని మీద మనిషిని కూడా ఎక్కిస్తాడట.